పెద్దసారు కుర్చీలో ఒక పగలు

మా చిన్నప్పుడు... బాలల దినోత్సవం నాడు మా మెదక్ బడిలో పిల్లలే పంతుళ్లు. స్వపరిపాలన దినోత్సవం అనేవాళ్లు. పదో తరగతి ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకుని, మగపిల్లలు నాన్నల ప్యాంట్లు బెల్టుతో బిగించుకుని చిన్న క్లాసులకు పాఠాలు చెప్పేవారు. ఆ ఒక్కరోజుకు హెడ్మాస్టరు కూడా మాలో ఒకరే...

ఆ హెడ్మాస్టర్ని ఎప్పుడూ సార్లే ఎంచేవారు. క్లాసు ఫస్టు వచ్చినవాడో, ఊళ్లో పేరున్న ఇంటి పిల్లవాడో. మా ఏడు మాత్రం సోషల్ సారుకు ఏం బుద్ధి పుట్టిందో, "ప్రజాస్వామ్యం చదువుడే గాదు, చేసి సూడాలె. ఓట్లేసుకోండ్రి" అన్నారు. నేను నిలబడ్డాను.

నేనేమీ పెద్ద మొనగత్తెను కాదు. నన్ను నిలబెట్టింది నా పక్క బెంచీ శోభ. టేక్మాల్ అవతలి ఊరి నుంచి బస్సులో వచ్చేది. పొద్దున్నే ఇల్లు వదిలితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే చేరేది.

అప్పుడే మా బడిలో ఆడపిల్లలకు కొత్తగా మరుగుదొడ్డి కట్టారు. కట్టి తాళం వేశారు! మేము ఖరాబు చేస్తామట. పై ఆఫీసర్లు తనిఖీకి వచ్చిన రోజు మాత్రం తీసేవారు. లేడీ టీచర్లు పక్క వీధిలో తెలిసినవాళ్లింటికి వెళ్లొచ్చేవారు. మేమేమో మంచినీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. నెలసరి రోజుల్లో శోభ బడికే వచ్చేది కాదు.

"మా అమ్మ బడి బంద్ జెయ్యమంటుందే పద్మా... నువ్వు హెడ్మాస్టర్‌వైతే గా తాళం తీపియ్యి. ఆడపిల్లలందరం నీకే ఏస్తం" అంది.

అన్నట్టే వేశారు. గెలిచాను. ఇక తాళం ఊడినట్టేనని శోభ నన్ను కావలించుకుంది. ఓట్లు పడితే పని జరుగుతుందని నమ్మే వయసు మరి!

బాలల దినోత్సవం పొద్దున అమ్మ సందూక తెరిచి తన పెళ్లిచీర తీసి కట్టింది. కుచ్చిళ్లు జారకుండా పిన్నీసులు గుచ్చీ గుచ్చీ నన్ను కదలకుండా చేసి పంపింది. ప్రార్థన కాగానే పెద్దసారు గదిలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో నా కాళ్లు నేలకు అందలేదు. గుమ్మం దగ్గర స్టూలు మీద అటెండర్ మల్లయ్య. ఎదురుగా గోడకు ఒక మేకు... దానికే వేలాడుతోంది మరుగుదొడ్డి తాళంచెవి.

ఉండబట్టలేక స్టాఫ్‌రూమ్‌కు వెళ్లి పెద్దసారును అడిగాను. ఆయన మిర్చి బజ్జీ తింటూ నవ్వారు. "ఇయ్యాల హెడ్మాస్టర్‌వు నువ్వే గద బిడ్డా! నన్నడుగుతవేంది?" అన్నారు. మిగతా సార్లూ నవ్వారు. నేను దాన్ని అనుమతి అనుకున్నాను చూడండి...

గబగబా వచ్చి మేకు మీది తాళంచెవి తీశాను. మల్లయ్య లేచొచ్చి అడ్డంగా నిలబడ్డాడు. కోప్పడలేదు పాపం.

"గది ముట్టకు బిడ్డా. సారు నవ్వులాటకు అన్నడు. నువ్వు రేపు మల్ల క్లాసుల కూసుంటవ్... నా నౌకరి పోతది" అన్నాడు.

కిటికీలోంచి చూస్తే శోభ, ఇంకొందరు ఆడపిల్లలు ఆ మరుగుదొడ్డి తలుపు ముందు నిలబడి నా గది వైపే చూస్తున్నారు. వాళ్లకు ఏమని చెప్పను? మల్లయ్యకేమో ఇంటినిండా పిల్లలున్నారు. తాళంచెవి మళ్లీ మేకుకు తగిలించాను.

మధ్యాహ్నం దాటేసరికి పొత్తికడుపు ఒకటే నొప్పి. పేరుకు హెడ్మాస్టర్నే గానీ నాకూ పోవడానికి చోటు లేదు. ఆ చీరలో లేవలేను, ఆ కుర్చీలో కూర్చోలేను. వచ్చినవాళ్లంతా "నమస్తే మేడం" అని నవ్వి పోతున్నారు. ఉత్సవ విగ్రహం అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది... ఊరేగింపు దానిదే, ఎటు పోవాలో మాత్రం మోసేవాళ్ల ఇష్టం.

సాయంత్రం సభలో నా అనుభవం చెప్పాలి. బడి నడపడం ఎంత కష్టమో తెలిసిందనీ, గురువులకు వందనాలనీ సోషల్ సారు చెప్పింది బట్టీ పట్టాను. మైకు ముందుకు రాగానే అదంతా ఎగిరిపోయింది.

"నాకు ఓట్లేసిన ఆడపిల్లలు ఒక్కటే అడిగిండ్రు సార్. తాళం తీపియ్యమన్నరు. హెడ్మాస్టర్‌నై కూడ తీపియ్యలేకపోయిన. మీరన్న తియ్యుండ్రి" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

మగపిల్లలు కిసుక్కుమన్నారు. సోషల్ సారు తల దించుకున్నారు. పెద్దసారు లేచి, "మస్తు మాట్లాడింది!" అని అందరితో చప్పట్లు కొట్టించి, నాకు స్టీలు టిఫిన్ డబ్బా బహుమతిగా ఇచ్చారు. మర్నాడు పోయి చూస్తే తలుపుకు తాళం అలాగే ఉంది.

శోభ క్రిస్మస్ సెలవుల దాకా వచ్చింది. ఆ తర్వాత టేక్మాల్ బస్సు రోజూ వచ్చేది గానీ, అందులోంచి శోభ దిగేది కాదు. మరుసటి ఏడు ఓట్లు కూడా లేవట. ఎందుకొచ్చిన లొల్లి అని మళ్లీ సార్లే ఎంచుకున్నారట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

మొన్న మా అమ్మాయిని వాళ్ల బడిలో స్టూడెంట్ లీడర్ చేశారు. భుజం మీదుగా రంగుల పట్టీ, బ్యాడ్జి, ప్రమాణ స్వీకారం, ఫోటోలు... నేనూ చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాను. దారిలో ఊరుకోలేక, "పిల్లలకేం గావాల్నో మిమ్మల్ని అడుగుతరా బిడ్డా?" అన్నాను.

నన్ను వింతగా చూసింది. "మమ్మల్నెందుకు అడుగుతరు మమ్మీ? మేడమోళ్లు చెప్పింది మేం క్లాసులల్ల చెప్పాలె... గంతే."

బళ్లు బాగుపడ్డాయి, కాదనను. మాకు లేనివెన్నో ఇప్పటి పిల్లలకు ఉన్నాయి. కానీ ఫలానాది కావాలని శోభ నన్ను పట్టుకుని అడిగినట్టు, మా అమ్మాయిని అడిగే నేస్తం ఒక్కరూ లేరు... అలా అడగొచ్చని వాళ్లకు తోచనే తోచదు.

మీ బడిలో మీరు నోరు తెరిచి అడిగింది ఒక్కటైనా జరిగిందా? జరిగితే రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.