చెంగలి గడ్డి పంచాయితీ

రోడ్డు పక్కన నాకూ మా తమ్ముడికీ ఉమ్మడిగా ఉన్న అరెకరంలో ఆరేళ్లపాటు లాన్ పెంచాను, ఫంక్షన్లకు అద్దెకిద్దామని. ఫంక్షన్లు రాలేదు గానీ వారం వారం మిషన్‌తో గడ్డి కోయించడం మాత్రం తప్పలేదు. చివరికి విసుగెత్తి నిరుడు ఆ లాన్ మొత్తం పీకించి, కొండవాలులో ఏరుకొచ్చిన చెంగలి, నెండ్ర గడ్డి గింజలు తొలకరికి చల్లాను. మా చిన్నప్పుడు ఆ నేలలో ఉన్న గడ్డి అదే. ఒక్కసారి కార్తీకం దాకా నిలబడి గింజ రాలితే చాలు, ఆ తర్వాత దానంతటదే మొలుస్తుంది. నాకు కావలసింది ఆ అయిదు నెలలే.

మా పల్నాట్లో చేను బీడు పడిందంటే అర్థం ఒక్కటే, అన్నదమ్ములకు చెడిందని. గడ్డి మోకాలెత్తు పెరగగానే ఊరు మాకు తగాదా అంటగట్టేసింది. బీడే గదా అని ఒకాయన గేదెల్ని తోలాడు. ఇంకొకాయన జాలిపడి, దున్నిపెడతానని ట్రాక్టర్ తెచ్చాడు. తగాదా లేదు, గడ్డి పెంచుతున్నానని చెబితే, "పరువు కోసం దాస్తన్నాడు పాపం" అన్నారు.

వినుకొండలో ఎరువుల కొట్టు నడిపే మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"తగాదా నేల్లో ఎవురూ కాలు పెట్టరు గదన్నా. ఉందనే చెబుదాం" అన్నాడు.

నాకు భలే నచ్చింది. ఆ రోజు నుంచి జనం ముందు మాకు మాటల్లేవు.

ఆదివారం మా తగాదా తేల్చడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. "ఏందయ్యా నీ బాధ?" అని ముందు నన్నడిగారు. గట్టు జరిపాడని చెప్పాను. మా అరెకరంలో గట్టే లేదని అందరికీ తెలుసు. పెద్దమనుషులు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు తమ్ముడు లేచాడు.

"లాన్ ఏసేటప్పుడు నన్నొక్క మాట అడగలా. పీకేటప్పుడూ అడగలా. అందులో సగం నాదన్న సంగతి మా అన్నకి ఎప్పుడన్నా గుర్తొచ్చిందా? పని పడితేనే ఫోన్ చేస్తాడు. చానా ఏళ్ల నుంచీ ఇంతే."

ఇంక ఎవరికీ అనుమానం లేకపోయింది.

"తేలేదాకా ఆ చేలో ఎవురూ దిగబాకండి" అని తీర్పు చెప్పారు.

గడ్డి దక్కింది. వాడు నటించలేదని నాకొక్కడికే తెలుసు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వాడు బండి స్టార్ట్ చేస్తుంటే, తప్పు నాదేరా అందామని దగ్గరిదాకా వెళ్లాను. ఊరంతా మమ్మల్నే చూస్తోంది. మాకు మాటల్లేవు గదా. వాడు వెళ్లిపోయాడు.