ఉచెన్న పెండలం పాదులు

“తవ్వకురా నాయినా! భూమిల వెట్టిన ఇత్తనం మల్ల తవ్వితే అరిష్టం!”

“అరిష్టం నువ్వే చేసినవ్ మౌళీ భాయ్. నన్నడగకుండ ఆడామెతోని పెట్టిస్తవా?”

“ముక్కలు ఎండిపోతుంటే అడుగుడేంది? నువ్వు షార్జాల గూసున్నవ్. ఫోన్ జేస్తే ఎత్తవ్. మంచిగ పసుపు కుంకుమ జల్లి, ఆడబిడ్డ చేతులతోని పెట్టిచ్చిన. ఇంకేం గావాలె నీకు?”

“పసుపు గూడ జల్లినవా!”

గల్ఫ్‌లో అల్ ఐన్ ఊరి శివార్లలోని ఆ తోటకు దోసకాయల లోడు కోసం పికప్ తీసుకుని వెళ్లేసరికి ఖర్జూరం చెట్ల వెనక ఈ రచ్చ జరుగుతోంది. గొంతులు రెండూ జగిత్యాలవే. మనిషి మాత్రం ఒక్కడే జగిత్యాలవాడు. అతను రాజమౌళి, తోటలో నీళ్లు తిప్పే పెద్దమనిషి. రెండోవాడు ఉచెన్న. నైజీరియాలో ఇగ్బో జాతివాడు. ఏళ్ల తరబడి రాజమౌళితో ఒకే గదిలో ఉంటున్నాడు కాబట్టి అతనికి వచ్చిన తెలుగంతా రాజమౌళి తెలుగే.

పార పట్టుకుని ఉచెన్న, పారకు అడ్డంగా రాజమౌళి. పక్కన కొంగు నడుముకు చుట్టి మున్నీబీ అక్క. తోటలో పనివాళ్లందరికీ వండిపెట్టేది ఆమే. ఊరు రాయచోటి దగ్గర. దోసకాయల సంగతి ఎవరికీ పట్టేట్టు లేదని నేనూ అక్కడే నిలబడ్డాను.

ఆ గొడవ అర్థం కావాలంటే ఉచెన్న ముత్తాత గురించి చెప్పాలి. కూరగాయల మార్కెట్లో దించడానికి ఉచెన్న నా బండిలోనే వచ్చేవాడు, దారంతా ఆ కథే చెప్పేవాడు. తెల్లవాళ్ల కోర్టులూ చర్చిలూ వాళ్ల ఊరికి రాకముందు మాట. మట్టిగోడ చుట్టిన పెద్ద వాకిలి. ముందు మగాయన గుడిసె, వెనక ఒక్కో భార్యకు ఒక్కో గుడిసె, ఒక్కో పొయ్యి. ఓ పక్కన పెండలం కొట్టం. దుంపలను గుంజలకు నిలువుగా కట్టి వరుసగా నిలబెట్టేవారు. ఊరి పంచాయితీలో మగాడి మాటకు ఎంత బరువు ఉండాలో ఆ కొట్టం చెప్పేది. కొట్టం బోసిపోయినవాడికి కల్లు కూడా చివరనే అందేది. పెండలం విత్తనం మగాడే పెట్టాలి, కొడుకులు గంపలు మోయాలి. ఆడవాళ్లు కలుపు తియ్యొచ్చు గాని విత్తనం పెట్టకూడదు. చామదుంప మాత్రం ఆడవాళ్ల పంట.

“పెండలం అయిపోయిన నెలల్లో ఏం తినేవాళ్లు?” అని అడిగానోసారి.

“చామగడ్డ.”

“అంటే మీ ముత్తాతను బతికించింది చామగడ్డ, మీసాలు పెట్టింది పెండలానికి.”

బండి డాష్‌బోర్డు మీద కొట్టి మరీ నవ్వాడు. “మా నాయిన ముంగట అనకు తమ్మీ. కొడతడు.”

ఉచెన్న పుట్టి పెరిగింది లాగోస్ నగరంలో. తండ్రి బస్సుల మెకానిక్. పెండలం ఎప్పుడూ బజారులో కొన్నదే. ముసలాయన పనిమానేసి సొంతూరు చేరాక పాత ఆచారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఉచెన్నకు కొడుకు పుట్టాడు. డిసెంబరు సెలవులో ఇంటికొచ్చినప్పుడు పెద్దల ముందు కూర్చుని పిల్లాడికి మొదటి పెండలం ముద్ద పెట్టాలి, అది తండ్రి తన చేత్తో పండించిందై ఉండాలి అన్నాడు ముసలాయన. ఎడారిలో ఎలా అని అడగలేదు. కుదరదని ఉచెన్నా అనలేదు. మాఘంలో ఆఫ్రికా సరుకుల దుకాణంలో దుంపలు కొని, ముక్కలు కోసి, బూడిద రాసి నీడన ఆరబెట్టాడు. ఇంతలో షార్జాలో తమ ఊరివాడికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు.

ముక్కల మొలకలు వాడిపోవడం రాజమౌళి చూశాడు. వాళ్ల దిక్కున పసుపుకొమ్ము భూమిలో పెట్టేది ఆడవాళ్లే. మగాడు పెడితే ఊరంతా నవ్వుతుంది. స్నేహితుడి పంట బాగుండాలని తోటలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషిని బతిమాలి పెట్టించాడు. ఉపకారమే చేశాడు.

ఉచెన్న రాజమౌళిని పక్కకు తోసి పార వేశాడు. ముక్క పైకి తేలింది. దానికి అప్పటికే తెల్లటి వేరు పట్టింది. పార ఆగిపోయింది. ఉచెన్నవాళ్లకూ భూమి తల్లే. వేరు పట్టిన పెండలాన్ని పెరికితే ఆ తల్లికి చేసిన ద్రోహమట. ఉచెన్న మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ మన్ను కప్పాడు.

“నేన్ జెప్పలే?” అన్నాడు రాజమౌళి.

“నువ్వు నోర్మూయ్.”

అప్పుడు నోరు విప్పింది మున్నీబీ అక్క. “నా చెయ్యి మంచిది కాదని మా అత్త గూడా అంటా ఉండె. ఆమెను వదిలించుకోని ఇంత దూరం వచ్చినా. ఈడ ఈయప్ప దొరికినాడు.” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఉచెన్నతో మాట్లాడలేదు. తిండి తగ్గించలేదు. అందరినీ “ఇంకో రొట్టె ఏస్కో నాయనా” అని కసిరి మరీ పెట్టేది. ఉచెన్న పళ్లెంలో మాత్రం అడక్కుండానే రొట్టె పడేది, మాట పడేది కాదు.

వేసవిలో అతణ్ణి చూడాలి. ఖర్జూరం మట్టలు పాతి తీగలు పాకించాడు. వడగాలికి తడి గోనెలు అడ్డంగా కట్టాడు. రాజమౌళి దోసతీగల వంతు నీళ్లలో కొంత ఈ పాదులకు మళ్లించి, ఎవరైనా అడిగితే పైపు కారుతోందనేవాడు. తీగ ఓ జానెడు సాగితే చాలు, ఉచెన్న ఆ పూటంతా ఈల వేసేవాడు. సెలవు రోజున పాదుల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఈ దేశంలో అంత తృప్తిగా కూర్చున్నవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

నవంబరులో తవ్వాడు. దుంపలు మరీ లావు కాదు గాని, దుంపలే. మన్ను దులిపి వీడియో కాల్‌లో తండ్రికి చూపించాడు. రాజమౌళీ నేనూ వెనకాల నిలబడ్డాం. ముసలాయన ముఖం వెలిగింది, ఏదో అడిగాడు. ఉచెన్న మా వైపు తిరిగాడు. “నీ చేతితోనే పెట్టినవా అంటున్నడు.”

“అవునను. ఆయనకేం ఎరుక?” అన్నాడు రాజమౌళి.

ఉచెన్న అవునని అనలేదు. వాళ్ల భాషలో చాలాసేపు చెప్పాడు. మాకు అర్థమైంది ‘మున్నీబీ’ ఒక్కటే. తర్వాత ముసలాయన అంతకంటే ఎక్కువసేపు మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి ఉచెన్న మట్టిలోనే కూలబడ్డాడు.

“తిట్టిండా?”

“తిట్టిండు.”

“ఆడామె పెట్టిందనేనా?”

“ముందు దానికే. తర్వాత, ఆమె వాటా ఇచ్చినవా అని అడిగిండు. ఇయ్యలే అన్న. చెయ్యి వెట్టినోళ్ల కడుపు నింపనోనికి కొట్టం ఎందుకు, మగోడా దొంగోడా అని ఇంకా తిట్టిండు.”

“మరి పిల్లగాని ముద్ద?”

“దీన్నే తెమ్మన్నడు. వాటా ఇచ్చినంకనే తెమ్మన్నడు.”

రాజమౌళి పకపకా నవ్వాడు. “ముసలాయన మా జగిత్యాలల పుట్టవలసినోడు.”

ఉచెన్న లేచి, అన్నిటికన్నా పెద్ద దుంపను ఏరి, కుళాయి కింద కడిగి, తన చొక్కాతోనే తుడిచాడు. వంటింటి వైపు నాలుగడుగులు వేసి, లోపల గరిటె చప్పుడు విని వెనక్కొచ్చి దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

“తమ్మీ, ఇది నీ అక్కకు ఇయ్యి. నేను పోతే మొకం తిప్పుకుంటది. ఆమె చెయ్యి మంచిదే అని ఉచెన్న అంటున్నడని చెప్పు. వచ్చే మాఘంల మల్ల ఇత్తనం పెడతదా అని అడుగు. నిన్ను తిట్టినా సరే, ఇంకోసారి అడుగు.”