ఓడలో బట్టలు ఎక్కడ ఆరేస్తారు?

మా స్కూల్లో లాంగ్వేజీ మాస్టారికి "బాగుంది" అన్న మాట పడదు. దుమ్ము పడనివాళ్ళకి తుమ్ములొచ్చినట్టు, ఆ మాట చెవిన పడితే చాలు, ఆయన ముక్కు ఎర్రబడిపోతుంది. నేను ఆ స్కూల్ గేటు దగ్గర వాచ్‌మన్‌ని. రోజూ నా ముందునుంచే వెళ్ళాలి కాబట్టి ఆయనకి ముందు దొరికేది నేనే.

"సార్, కొత్త చొక్కా బాగుంది."

"బాగుంటే ఏదైనా అడుగు."

"ఏం అడగను సార్?"

"ఎక్కడ కొన్నారు, జేబు ఎందుకు లేదు... అడగడానికి కరువొచ్చిందా?"

నిజమే, చొక్కాకి జేబు లేదు. ఎందుకు లేదో ఆయన చెబుతూ ఉంటే వింటూ నేను బెల్లు కొట్టడం మర్చిపోయాను. హెడ్మాస్టరు చేత చీవాట్లు నాకు.

ఆయన పిల్లల చేత బ్లాగు రాయిస్తారు. అంటే క్లాసుకంతటికీ ఇంటర్నెట్లో ఒక చోటుంది. పిల్లలు తమకి తోచింది అక్కడ రాస్తారు, చదివినవాళ్ళు కింద ఒక ముక్క రాయొచ్చు. మెచ్చుకోడానికి మాత్రం వీల్లేదు, ప్రశ్నే రాయాలి. అందుకోసం కనబడ్డవాడినల్లా పట్టుకునేవారు. ఒకసారి సెలూన్లో సగం గడ్డం గీయించుకుని లేచి, "ముందు మా పిల్లాడు రాసింది చదువు, ఆ సగం తర్వాత గీద్దువుగాని" అని సెలూన్ అతని చేతిలో ఫోన్ పెట్టారట. ఇంట్లోనూ అదే వరస.

"కూర బాగుందని ఒక్కనాడూ అనరయ్యా," అని ఆయన భార్య నా దగ్గర వాపోయింది. "ఇందులో ఏం వేశావని అడుగుతారు. ఉప్పూ కారం కాక ఇంకేం వేస్తాను?"

మా అమ్మాయిది ఆయన క్లాసే. వాళ్ళమ్మ పెద్ద ప్రయాణికుల ఓడలో లాండ్రీ పని చేస్తుంది. ఓడ రేవులో ఆగితే ఆదివారాలు ఫోన్ చేస్తుంది. మొదట్లో అమ్మాయి ఫోన్ వదిలేది కాదు. రానురాను "తిన్నావా?" "ఆ." "చదువుతున్నావా?" "ఆ." అంతే, ఫోన్ నా చేతిలో పడేసేది. నేనేమన్నా తక్కువ తిన్నానా?

"ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ. అక్కడ?"

"అంతా బాగుంది. ఉంటా మరి."

ఫోన్ పెట్టేశాక మా రెండు గదుల ఇల్లు ఇంకా పెద్దదైపోయినట్టుండేది.

అలాంటప్పుడు అమ్మాయి బ్లాగులో ఒక్క ముక్క రాసింది: "మా అమ్మ ఓడలో బట్టలు ఉతుకుతుంది." కింద మాస్టారి ప్రశ్న: "సముద్రం మధ్యలో బట్టలు ఎక్కడ ఆరేస్తారు?"

"నాన్నా, ఎక్కడ ఆరేస్తారు?"

"ఎక్కడో అక్కడ. నాకేం తెలుసే!"

"ఎక్కడో అక్కడ అని రాస్తే సార్ ఊరుకుంటారా?"

ఆదివారం ఫోన్ మోగగానే తనే లాక్కుంది. అవతల ఒకటే నవ్వు.

"ఆరేయడమేంటే పిచ్చిమొహమా! గదంత మెషిన్లుంటాయి. దుప్పటి తీస్తే వేడివేడిగా ఉంటుంది. నువ్వు గుర్తొస్తే కాసేపు బుగ్గకి ఆనించుకుంటా."

అమ్మాయి రాసింది. ఇక చూడండి. సెలూన్ అతను: "ఓడ ఊగుతుంటే గడ్డం ఎలా గీస్తారు?" మాస్టారి భార్య: "చుట్టూ ఉప్పునీళ్ళే కదా, దేంతో ఉతుకుతారు?" అన్నిటికీ జవాబు వాళ్ళమ్మ దగ్గరే ఉందాయె. నాకు ఫోన్ దొరకడమే మానేసింది.

ఉండబట్టలేక గేటు దగ్గర అడిగేశాను.

"సార్, ఇవన్నీ నెట్లో కొడితే చిటికెలో వస్తాయట కదా. మీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"నాకు తెలిస్తే ఏం లాభమయ్యా? మీ అమ్మాయికి వాళ్ళమ్మ చెప్పాలి. మొదటి ముక్కకే బాగుందని రాసి ఉంటే అక్కడితో అయిపోయేది."

తర్వాతి వారం బ్లాగులో కొత్త ప్రశ్న వచ్చింది. ఓడలో ఎవరిచేతో రాయించి మా ఆవిడే పెట్టింది: "మీ నాన్న నన్నేమీ అడగడేం?"

క్లాసంతా చదివింది. సెలూన్ అతనూ చదివాడు.

ఆదివారం ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి మోచేత్తో పొడిచింది.

"అది కాదే... నువ్వు పనిచేసే చోట కిటికీ ఉందా?"



"లేదండీ. మా గది నీళ్ళకి కిందుంటుంది. ఎందుకూ?"

"మరి తెల్లారిందని ఎలా తెలుస్తుంది?"

అప్పుడు మొదలుపెట్టింది. "నాన్నా, నా వంతు!" అని అమ్మాయి చొక్కా లాగుతున్నా నేను ఫోన్ ఇవ్వలేదు.

మర్నాడు మాస్టారు గేటు దగ్గర ఆగారు.

"అడిగావటగా! ఏమంది?"

ఆవిడ చెప్పిందంతా నా దగ్గరే దాచుకోవాలనిపించింది.

"అంతా బాగుందంది సార్," అని, ఆయన ముక్కు ఎర్రబడేలోపు బెల్లు కొట్టడానికి పరుగెత్తాను.