బెల్లుకు ముందు పది నిమిషాలు

కాలర్ పిన్ని పదకొండేళ్లుగా రోజూ బెల్లు కొట్టడానికి పది నిమిషాల ముందే షెడ్డులో అడుగుపెట్టేది. ఎగుమతికి వెళ్లే చొక్కాలు కుట్టే ఆ లైనులో ఇరవై రెండు మిషన్లు. ఒక్కొక్కదాని మూత తీసి, సూది కింద చేరిన నూలు దుమ్మును కుంచెతో దులిపి, చుక్క నూనె వేసి, పెదాలు కదిలీ కదలనట్టు దేవుణ్ణి తలుచుకుని పక్క మిషన్ దగ్గరికి జరిగేది. ఎవరూ చెయ్యమనలేదు. కాలర్లు కుడుతుంది గనుక ఆ పేరు. అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు.

ఒక సోమవారం ఆ షెడ్డులున్న ప్రత్యేక ఆర్థిక మండలానికి పని వేగం పెంచే అధికారి వచ్చాడు. మెళ్లో స్టాప్‌వాచీ వేలాడేసుకుని తిరుగుతున్నాడని ఆడవాళ్లు అతనికి ‘సెకన్ల బాబు’ అని పేరు పెట్టేశారు. మంచివాడే. వచ్చీ రాగానే మంచినీళ్ల డ్రమ్ము వాళ్లకు దగ్గరగా జరిపించాడు. కానీ ఆ పూటే ఓ రూలు పెట్టాడు: బెల్లుకు ముందు ఎవరూ లోపలికి రాకూడదు. శనివారం కల్లా రోజుకు ఎనిమిది వందల చొక్కాలు అందకపోతే లైను ఎత్తేసి, మనుషుల్ని తలో షెడ్డుకూ సర్దేస్తారని కూడా చెప్పాడు.

విడిపోవాలంటే పిన్నికి మనసొప్పలేదు. జ్వరమొస్తే ఒకరి వాటా ఒకరు కుట్టిపెట్టుకున్న మనుషులు వాళ్లు.

మంగళవారం ఏడు వందల అరవై. బుధవారం ఏడు వందల పది. ఊరికే దారాలు తెగుతున్నాయి. సెకన్ల బాబు ఒక్కొక్కరి పక్కనా నిలబడి కొలిచాడు.

“కాలరుకి యాభై రెండు సెకన్లు. నీ పనిలో వంక లేదు పిన్నీ.”

“దేవుడి దయ బాబూ. దగ్గొస్తే యాభై మూడు.”

జేబులు కుట్టే అమ్మాయి తలెత్తకుండానే అంది, “సార్, సూదికంటే మీ వాచీయే ఎక్కువ గుచ్చుకుంటోంది.” లైనంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు.

గురువారం మెకానిక్ వచ్చి ఒక మిషన్ విప్పితే గుప్పెడు దుమ్ము రాలింది.

“ఏం పిన్నీ, దులపడం మానేశావా?”

“ముందు రావద్దన్నారుగా అన్నా.”

మెకానిక్ అధికారి వైపు తిరిగాడు. “సార్, మీ వాచీ బెల్లు కొట్టాకే కదా మొదలయ్యేది. ఈ లైను బాగోగులన్నీ అంతకు ముందే అయిపోయేవి.”

సెకన్ల బాబు తల గోక్కున్నాడు. “ఆ మాట నాతో అనలేదేం పిన్నీ?”

“అది పనని నాకు తెలిస్తేగా బాబూ. పొద్దున్నే షెడ్డు నిశ్శబ్దంగా ఉంటుంది, దేవుణ్ణి తలుచుకోవడానికి బాగుంటుందని వచ్చేదాన్ని. చేతులు ఖాళీగా ఎందుకని దులిపేదాన్ని.”

అప్పటికప్పుడు లైను ఆపించి, అధికారి కూడా కుంచె పట్టాడు. శనివారం ఒక్కరోజే ఎనిమిది వందల పదహారు చొక్కాలు పెట్టెలకెక్కాయి. లైను నిలిచింది. పిన్ని ముందుగా రావచ్చని అతను కాగితం రాసి, స్వయంగా ఆమె దగ్గరికి తెచ్చాడు.

పిన్ని దాన్ని కళ్లకద్దుకుని తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

“నాకో సాయం చేసిపెట్టు బాబూ. ఆ పది నిమిషాలూ బెల్లు తర్వాతే ఇచ్చి, ఎవరి మిషన్ వాళ్లు దులుపుకునేట్టు చూడు. నేను మంచాన పడిన రోజు కూడా ఈ లైను నడవాలి కదా.”