మోగుతున్నంతసేపు

తాండూరు నుంచి బషీరాబాద్ వెళ్లే షేర్ ఆటోలో కూర్చుని, మనాలీ దగ్గర ఒక రిసార్టు ఫొటోలు ఫోన్లో చూస్తున్నాను. చిన్నపిల్లలు కూడా భయం లేకుండా స్కీయింగ్ చేయొచ్చని రాశారు. మంచు మీద జారాలని మా పాప ఒకటే గోల.

పక్కనే గొంగడి కప్పుకుని కూర్చున్న పెద్దాయన తొంగిచూశాడు.

"గిది మన తాండూరుదేనా సారూ?"

"కాదండీ, మంచుకొండ. వచ్చే నెల మా పాపను తీసుకెళ్తున్నాం, జారడానికి."

ఆయన నవ్వలేదు. బయటికి వేలు చూపించాడు. నాపబండలు పాలిష్ చేయగా వచ్చిన బురదను పారబోస్తే ఎండి, రోడ్డు పక్కన తెల్లటి గుట్టయింది. దాని మీద ఒక్క అడుగుజాడ లేదు. అచ్చం నా ఫొటోలోని కొండే.

"పైకి గట్టిగనే కనవడ్తది. లోపలంత మెత్తగ. నా గొర్రె గా బురదలనే దిగవడ్డది. దాని మెడల గంట ఇనవడ్డంతసేపు నేను ఫికర్ చెయ్యలే. ఆగినంక తిరిగి చూసిన. ఏం లేదు. అంత తెల్లగ."

దిగేముందు ఆయన సంచిలోంచి ఒక చిన్న ఇత్తడి గంట తీసి నా చేతిలో పెట్టాడు.

"బిడ్డ మెడల కట్టు. తెల్లదాంట్ల కండ్లు పనిచెయ్యయి."

గొర్రెకు కట్టేది కూతురికా అని నేను ఇబ్బందిపడ్డాను. ఆయనకు అందులో తేడా ఏమీ కనిపించలేదు.

గదులు బుక్ చేశాం. పాప ఆ గంట మెడలో వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది. మోగుతున్నంతసేపు మా ఆవిడ విసుక్కుంటుంది. ఆగిందా, ఇద్దరం ఒకేసారి లేచి వెళ్తాం.