రెండు బ్రేకుల మాస్టారు

ఆ ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పింది మాస్టారే. మిగతా సగం మంది ఇంకా రోడ్డు మీద క్షేమంగా తిరుగుతున్నారంటే దానికి కూడా తానే కారణమని ఆయన నమ్మకం. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన కోసం ప్రత్యేకంగా బిగించిన రెండో బ్రేకు మీద కుడికాలు ఆనించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా "మెల్లగా, మెల్లగా" అంటూ ఉండడమే ఆయన ఉద్యోగం. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటారు, గేర్లు మారుస్తారు, సరదాగా హారను కూడా కొడతారు. బండిని ఆపేది మాత్రం ఆయనే. ఎదురుగా సైకిలు వస్తోందని నేర్చుకునేవాడికి తట్టేలోపే మాస్టారి కాలు కిందికి దిగిపోతుంది. ఆయన శిష్యుల్లో కొందరు సొంత కారు కొనుక్కున్నాక, బ్రేకు ఎవరు వేస్తారా అని పక్కకి చూసుకున్న సందర్భాలు లేకపోలేదు.

ఇలాంటి మనిషికి యాభై దాటాక స్పోర్ట్స్ బైకు మీద మోజు పుట్టింది. ఆ వయసులో ఏదో ఒకటి పుట్టడం సహజమే. కొందరికి మోకాళ్ల నొప్పులు పుడతాయి, ఈయనకి ఇది పుట్టింది. ఎర్రటి సెకండ్ హ్యాండు బండి ఒకటి ఇంటికి తోలుకొచ్చాడు. ముందు కూర్చునేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి. వెనక సీటు చూస్తే, దాన్ని తయారు చేసినవాడికి పెళ్లి కాలేదని ఎవరికైనా అర్థమైపోతుంది.

విచిత్రమేమిటంటే మాస్టారు ఆ బండి కొన్నది ఆ వెనక సీటు కోసమే. రోజంతా పరాయివాళ్ల పక్కన కూర్చుని అరిచి అరిచి, ఇంటికొచ్చాక భార్యతో మాట్లాడడానికి ఆయన దగ్గర గొంతు మిగిలేది కాదు. ఆవిడ ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. సూది గుచ్చి సిరంజిని ఒకే తీరున వెనక్కి లాగడం ఆవిడ పని, ఇంట్లో మాటా అంతే పొదుపు. చిన్నప్పుడు వాళ్ల అన్నయ్య బైకు గ్రౌండులో తెగ తిప్పేదాన్నని ఆవిడ ఎప్పుడైనా అంటే మాస్టారు నవ్వి ఊరుకునేవాడు. పుట్టింటి కోతలకి అడ్డు చెప్పకూడదని ఆయన సంస్కారం. ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లి ఎన్నాళ్లైందో ఇద్దరికీ గుర్తులేదు. అందుకే బండి రాగానే, ఇక ఆదివారాలు సముద్రానికి మనిద్దరమే వెళ్దాం అన్నాడు. మర్నాడు ఆవిడ ల్యాబు నుంచి వస్తూ నీలం రంగు హెల్మెట్ ఒకటి కొని తెచ్చుకుంది. దాన్ని చూసిన ఆ సాయంత్రం మాస్టారికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మొదటి ఆదివారం ఊరు దాటకముందే ఆ సంతోషం కాస్తా దిగిపోయింది. యాక్సిలరేటర్ గ్రిప్పు కొంచెం తిప్పితే బండి వినిపించుకోనట్టు ఊరుకుంటుంది. ఇంకొంచెం తిప్పితే ఎవరో వెనక నుంచి తన్నినట్టు ముందుకు దూకుతుంది. వదిలితే ముక్కు నేలకి రాసినంత పని చేస్తుంది. అలా వదిలిన ప్రతిసారీ ఆవిడ హెల్మెట్ వచ్చి ఆయన హెల్మెట్‌కి టక్కున తగిలేది. మొదట్లో ఆవిడ సారీ చెప్పింది. తర్వాత ఆయన చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. రైల్వే గేటు దగ్గర బండి ఆగగానే ఆవిడ దిగి, హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని, వెనకే ఆగిన బస్సెక్కేసింది.

మొత్తానికి దంపతులు సముద్రానికి కలిసే వెళ్లారు. ఆవిడ బస్సులో, ఆయన బస్సు వెనక కుదుపులు తింటూ. బస్సు వెనక అద్దంలోంచి ప్రయాణికులు దారి పొడుగునా ఆయన్నే జాలిగా చూశారు. ఇసకలో కూర్చున్నాక ఆవిడ ఒకటే మాట చెప్పింది.

"బండి బాగు చేయించండి, వస్తాను. మీ మీద కోపం లేదు. నా మెడ మీద ప్రేమ ఉంది, అంతే."

సోమవారం మాస్టారు స్కూలు కారులో ఒక కొత్త శిష్యుడికి అరగంట సేపు ఉపన్యాసం ఇచ్చాడు. యాక్సిలరేటర్ అనేది తొక్కేది కాదట, పసిపిల్లాడి వీపు నిమిరినట్టు నిమరాలట, వదిలేటప్పుడు కూడా అంతే నెమ్మదిగా వదలాలట. శిష్యుడు శ్రద్ధగా తలూపాడు. అదే సాయంత్రం గురువుగారు ఇంటి ముందు చాప పరిచి, స్పానర్లు పేర్చుకుని, బైకుకి ఆపరేషన్ మొదలుపెట్టాడు. తప్పు బండిలోనే ఉందన్న విషయంలో ఆయనకి అణుమాత్రం సందేహం లేదు. నేర్పేవాడి దగ్గర తప్పెలా ఉంటుంది?

ముందు గ్రిప్పు నుంచి ఇంజనుకి వెళ్లే కేబుల్ మీద పడ్డాడు. అది నిజంగానే వదులుగా ఉంది. వదులు ఉంటే మొదట ఏమీ జరగదు, తర్వాత అంతా ఒక్కసారే జరుగుతుంది. ఇంతవరకు ఆయన లెక్క సరైనదే. కాని బిగించాలి కదా అని ఆయన దాన్ని వీణ తీగలా బిగించాడు. బండి స్టార్ట్ చేసి హ్యాండిల్ పక్కకి తిప్పగానే, గ్రిప్పు ముట్టుకోకుండానే ఇంజను గుండెలవిసేలా అరిచింది. ఎదురింటావిడ ఆరేసిన బట్టలు సగం తడితోనే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ గోరంత వదులు ఇచ్చాక గానీ అది శాంతించలేదు. తర్వాత సాగిన చెయిన్ వంతు వచ్చింది. చెయిన్ సాగి ఉంటే బండి లాగినప్పుడూ వదిలినప్పుడూ జర్కు కొడుతుంది కాబట్టి దాన్ని సరిచేశాడు. ఎయిర్ ఫిల్టరు తీసి దులిపితే, బండి పాత యజమాని తిరిగిన ఊళ్ల దుమ్మంతా మాస్టారి వరండాలో పడింది.

ప్రతి మరమ్మతు తర్వాతా ఆవిడ హెల్మెట్ పెట్టుకుని వచ్చి వెనక కూర్చునేది. వీధి చివర పాల డిపో దాకా వెళ్లేవాళ్లు. టక్. ఆవిడ దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసేది. చిరాకు పడి ఉంటే మాస్టారు తిరిగి అరిచేవాడేమో. ఆవిడ ఓపిగ్గా వచ్చి కూర్చుంటూ ఉండడమే ఆయనకి భయం వేసింది. ఏదో ఒక ఆదివారం రాదు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు అనిపించేది.

ఇక లాభం లేదని బండిని గ్యారంటీ దగ్గరికి తీసుకెళ్లాడు. గ్యారంటీ అంటే మెకానిక్కు. ఏ రోగానికైనా మందు చెప్పి చివర్న గ్యారంటీ అంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అతని షెడ్డులో గోడ మీద ఏ స్పానరు ఎక్కడుండాలో పెయింటుతో బొమ్మలు గీసి ఉంటాయి. ఏ స్పానరూ దాని బొమ్మ మీద ఉండదు. బండి చూడగానే ప్లగ్గులే, గ్యారంటీ అన్నాడు. ప్లగ్గులు మార్చాక పెట్రోలు పంపే, గ్యారంటీ అన్నాడు. పంపు శుభ్రంగా ఉంది. మూడోసారి ఏ గ్యారంటీ మిగలక, గత్యంతరం లేక, బుర్ర వాడాడు. ఇంజనుని నెమ్మదిగా తిరగనిచ్చి, గాలి లోపలికి పోయే రబ్బరు గొట్టాల చుట్టూ డబ్బాతో స్ప్రే కొట్టుకుంటూ వచ్చాడు. ఒక చోట కొట్టగానే ఇంజను వేగం దానంతటదే పెరిగింది. వెంట్రుకంత చీలిక. దొంగదారిన గాలి పోతుంటే పెట్రోలు పాళ్లు తప్పి, బండి తడబడుతోందన్నమాట.

ఆ రబ్బరు మార్చాడు. గాలిని ఇంజనులోకి వదిలే మూతల మీద పేరుకున్న నల్లటి మసి కడిగాడు. నాలుగు సిలిండర్లకీ మీటర్లు తగిలించి, నాలుగు ముళ్లూ ఒకే ఎత్తున నిలబడేదాకా మరలు తిప్పాడు. ఆ తర్వాత తనే ఒక చుట్టు కొట్టి వచ్చి, వెన్నలో కత్తి దిగినట్టు ఉందని ప్రకటించాడు. మాస్టారు ఎక్కి వెళ్లొచ్చాడు. చాలా నయం. కాని కుదుపు ఇంకా ఉంది.

గ్యారంటీ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "బండిలో ఉన్న కుదుపంతా తీసేశాను మాస్టారూ. ఇంకా మిగిలిందంటే, అది బండి మీదెక్కి కూర్చుంటోంది."

ఆ మాట మాస్టారికి ఎక్కడో తగిలింది. సగం ఊరికి నేర్పినవాణ్ని పట్టుకుని అంత మాటంటాడా అని దారంతా ఉడికిపోయాడు. ఇంటికొచ్చి భార్యతో, పని చేతకాక నన్నంటున్నాడు, ఆడలేక మద్దెల ఓడు అన్నాడట అని సామెత కూడా చెప్పాడు. సామెత సరైనదే. ఎవరికి వర్తిస్తుందన్న దగ్గరే కొంచెం తేడా వచ్చింది.

ఆవిడ కూర తరుగుతూ అంతా విని, ఈ ఆదివారం సముద్రం దాకా వస్తానంది. దారిలో మళ్లీ తగిలితే మాత్రం హెల్మెట్ తమ ల్యాబులో శాంపిళ్లు మోసే అతనికి ఇచ్చేస్తానంది. అతనికి సరిపోతుందో లేదో ముందే పెట్టి చూశానని కూడా చెప్పింది. ఆ రెండో మాట వినేసరికి మాస్టారు వెళ్లి చెయిన్ ఇంకోసారి సరిచూసుకుని వచ్చాడు.

ఆదివారం బయలుదేరారు. ఊళ్లో ఒకసారి తగిలింది. కూడలి దగ్గర వరసగా రెండుసార్లు. ఆవిడ దిగలేదు. ఊరి బయట రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ బండి నీళ్లలో పడవలా సాగింది, మాస్టారి ప్రాణం లేచి వచ్చింది. పెట్రోలు బంకు ముందు ఒక ముసలాయన సైకిలు పట్టుకుని రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు, పాపం రోడ్డు దాటే ఉద్దేశం కూడా లేదు. టక్. ఆవిడ వెనక నుంచి భుజం తట్టింది. బండి బంకులోకి తిప్పి ఆపాడు. ఆవిడ దిగి హెల్మెట్ తీస్తుంటే, అయిపోయిందనుకున్నాడు.

"ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి కూడా కుదపలేదు," అంది ఆవిడ. "సైకిలు కనిపిస్తే కుదిపింది. కుక్క కనిపిస్తే కుదిపింది. కూడలి దగ్గర ఆ ఆటో ఇంకా సందులోంచి బయటికి రాకముందే కుదిపింది. ఇంజనుకి కళ్లుంటాయాండీ?"

మాస్టారు నోరు తెరిచాడు. కేబుల్ అనబోయాడు, అది సరిగ్గా ఉంది. చెయిన్ అనబోయాడు, అదీ సరిగ్గానే ఉంది. రబ్బరు కొత్తది. ఒక్కొక్కటే తనే బాగు చేసి, చెప్పుకోడానికి ఉన్న సాకులన్నీ తనే ఊడబెరుక్కున్నాడు. తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. రోడ్డు మీద కనిపించే ప్రతి ప్రాణీ ఏదో ఒక తప్పు చేసి తీరుతుందని నమ్మి, ముందే గ్రిప్పుని టక్కున వదిలేస్తున్న చెయ్యి అది. ఇన్నేళ్లూ కాలు చేసిన ఉద్యోగాన్ని ఇప్పుడు చెయ్యి కూడా నేర్చుకుందన్నమాట.

"పెళ్లయిన కొత్తలో నాకు కారు నేర్పారు, గుర్తుందా," అంది ఆవిడ. "లైసెన్సు కూడా వచ్చింది. ఆ కారు నేను నడిపానో మీరు నడిపారో నాకు ఇప్పటికీ తెలీదు. తాళం ఇలా ఇవ్వండి."

ఇవ్వక చేసేదేముంది. ఆవిడ ఎక్కింది. కాలు నేలకి ఆనుతుందా అని ఆయన అడగబోయేలోపే ఆనింది. ఆయన ఆ పెళ్లికాని సీటు మీదికి ఎక్కి సర్దుకునేలోపే బండి బంకు దాటింది. పుట్టింటి కోతలనుకున్నవి నిజాలని తెలియడానికి మాస్టారికి ఇంత కాలమూ, ఒక బైకూ పట్టాయి. ఆవిడ చెయ్యి సిరంజి లాగినంత తీరుగా తిరుగుతోంది. బండి ఎప్పుడు అందుకుందో, ఎప్పుడు తగ్గిందో తెలియడం లేదు.

తెలుస్తున్నదల్లా తన కాలే. ఎదురుగా లారీ వస్తే కాలు కిందికి నొక్కింది. అక్కడ ఫుట్‌రెస్టు తప్ప ఏమీ లేదు. లారీ దాని దారిన అది పోయింది. స్కూటరు మీద ఇద్దరు పిల్లల్తో ఒకావిడ అడ్డం వస్తే మళ్లీ నొక్కాడు, మెల్లగా అని కూడా అరిచాడు. గాలి ఆ మాటని వెనక్కి ఎత్తుకుపోయింది. బండి దానంతటదే నెమ్మదించి, ఆ స్కూటరుకి దారిచ్చి, మళ్లీ కదిలింది. ఆయన హెల్మెట్ ఆవిడ హెల్మెట్‌కి ఒక్కసారి కూడా తగల్లేదు. ఇన్నేళ్లూ తన కాలు లేకపోతే ఊరు ఏమైపోయేదో అనుకున్నాడు. ఊరు నిక్షేపంగా ఉంది. అందుకు కొంచెం సిగ్గేసింది, ఆ సిగ్గు కింద ఏదో బరువు దిగినట్టు కూడా ఉంది.

ఇసకలో కూర్చున్నాక ఆయన పిక్క పట్టుకుని నొక్కుకోవడం ఆవిడ చూసింది.

"వెనక సీట్లో బ్రేకు లేదని తెలిసిందా?"

"సగం దారి దాకా ఉందనే అనుకున్నాను," అన్నాడాయన. "ఆ తర్వాత సముద్రం కనిపించింది."

ఆవిడ చాలాసేపు నవ్వింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. ల్యాబులో సూదికి కళ్లు తిరిగి పడిపోయిన పోలీసు గురించి, క్లచ్చు తొక్కమంటే కళ్లు మూసుకునే శిష్యురాలి గురించి. బయలుదేరేటప్పుడు ఆవిడ తాళం ఆయన చేతిలో పెట్టి, హెల్మెట్ బిగించుకుని, తన చోటులో తను కూర్చుంది.

మాస్టారు గ్రిప్పుని, శిష్యులకి చెప్పినట్టే, జీవితంలో మొదటిసారి నిమిరాడు. బంకు దగ్గర ఆ ముసలాయన సైకిలుతో ఇంకా అక్కడే ఉన్నాడు. మాస్టారి చెయ్యి గ్రిప్పుని వదిలేయబోయింది. పళ్లు బిగబట్టి, దాన్ని అలాగే ఉండనిచ్చాడు. ముసలాయన కదల్లేదు. బండి ఆయన్ని దాటి మెత్తగా సాగిపోయింది.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి టక్కున తగిలింది. మాస్టారు గతుక్కుమని అద్దంలోకి చూశాడు. బండి కుదపలేదు. వెనక నీలం హెల్మెట్ లోపల ఆవిడ నవ్వుతోంది.