బొమ్మ రాలేదన్న ఫిర్యాదు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక డిసెంబరులో నన్ను ముత్తుకూరు కంట్రోల్ రూముకు సూపర్‌వైజరుగా వేశారు. మాది కేబుల్ టీవీ సంస్థ. నెల్లూరు నుంచి ఫైబరు మీద వచ్చే సిగ్నల్‌ను సముద్రం ఒడ్డు ఊళ్ళకు పంచడం మా పని. నా కింద నలుగురు లైన్‌మెన్ ఉండేవారు. స్తంభం ఎక్కడంలో వాళ్ళెవరూ నాకు సాటి రారని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది.

ఆ ఏడాది ఒక జాలర్ల ఊరు మొత్తం ఫుట్‌బాల్ పిచ్చిలో పడింది. ఆ ఊరి రమణమ్మ కూతురు శిరీష చెన్నైలో ఒక మహిళల జట్టుకు ఎంపికైంది. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు కూడా "మన టీము" అనడం మొదలుపెట్టారు. ఫోన్లో చూద్దామంటే అక్కడ నెట్ అందదు. డిష్ పెడితే తీరం గాలికి పక్కకు తిరిగిపోతుంది. మిగిలింది మా కేబులే. మ్యాచ్ వచ్చే ఛానల్ మామూలు ప్యాక్‌లో ఉండదు; ఒక్కో సెట్‌టాప్ బాక్సు నంబరు రాసుకుని, కంట్రోల్ రూము నుంచి ఆదేశం పంపితేనే తెరుచుకుంటుంది. ఆ సమయానికి బాక్సు ఆన్‌లో ఉండాలి. ఉరుములకు భయపడి ప్లగ్గులు పీకేసే ఊరది. ఇంటింటికీ తిరిగి ప్లగ్గులు పెట్టించి, ఒక్క పూటలో ఊరంతటికీ ఛానల్ తెప్పించాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మ్యాచ్. ఐదు కావస్తుండగా రమణమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఆట సగమైపోయినాది, ఇంకా బొమ్మ రాలేదు" అంది.

మా వృత్తిలో ఆ మాటకు ఒకటే అర్థం, తెర నల్లగా ఉందని. ఊరంతటిలో ఒక్క ఇంటి నుంచే ఫిర్యాదు వచ్చిందన్న సంగతి నాకు తట్టలేదు. ముందు ముత్తుకూరులో ఫైబరు సిగ్నల్‌ను కేబుల్లోకి మార్చే నోడ్ పెట్టెను పరీక్షించి, అక్కడ లోపం లేదని తేల్చుకుని, బండి మీద ఆ ఊరు చేరాను. నేరుగా ఆంప్లిఫైయర్ ఉన్న స్తంభం ఎక్కాను. ఆంప్లిఫైయరంటే దూరం వచ్చి నీరసించిన సిగ్నల్‌కు బలమిచ్చే పెట్టె. మీటరు పెడితే రీడింగ్ కాస్త తక్కువ చూపించింది. ఉప్పుగాలికి కనెక్టరు తుప్పు పట్టి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. లైను విప్పి, కొత్త కనెక్టరు బిగించి, పది నిమిషాల్లో పని ముగించాను. బిగింపులో ఇప్పటికీ ఎవరూ వంక పెట్టలేరు.

దిగేసరికి ఊరు ఊరంతా స్తంభం కింద ఉంది. "బాగా వస్తా ఉన్న టీవీని ఎందుకు పీకినావన్నా?" అని ఒక పెద్దాయన అడిగాడు. రమణమ్మ చేతిలో ఫోన్ ఉంది. గూడూరులో ఉన్న ఆమె చెల్లెలు అప్పుడే చెప్పిందట. అంతసేపూ బయట రిజర్వులో కూర్చోబెట్టిన శిరీషను చివరి పది నిమిషాలు ఆటలోకి దించారట. మ్యాచ్ అయిపోయింది. రమణమ్మ రాలేదన్న బొమ్మ సిగ్నల్‌ది కాదు, కూతురిది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఉదయం పదింటికి పునఃప్రసారం ఉంది. ఆ రూటులో ఎవరూ లైను ముట్టుకోవద్దని నలుగురికీ ఆర్డరు వేసి, పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసే బాక్సు పట్టుకుని రమణమ్మ ఇంటికి వెళ్ళాను. బొమ్మ అద్దంలా వచ్చింది. శిరీష దిగింది, రెండుసార్లు బంతిని అందుకుంది, ఒకసారి గోలు దాకా వెళ్ళింది. రమణమ్మ ఉలుకూ పలుకూ లేకుండా చూసింది. బాగా లేదా అని అడిగాను.

"బాగుందన్నా. నిన్నైతే అరిచుందును. ఇప్పుడరిచి ఏం లాభం, అయిపోయిన ఆట కదా" అంది.

దానికి నా సంచిలో ఏ పరికరమూ లేదు. కంట్రోల్ రూముకు తిరిగొచ్చి డ్యూటీ పుస్తకం మొదటి పేజీలో రాశాను: ముందు ఇంట్లోకి వెళ్ళి టీవీ చూడాలి, తర్వాతే స్తంభం ఎక్కాలి, లైవ్ నడుస్తుండగా లైను విప్పకూడదు. ఈ నియమాన్ని మొదట తప్పినవాణ్ణి నేనేనని కింద రాసి సంతకం పెట్టాను.